మలేరియా టీకా పూణేలో చేసి ఆఫ్రికాకి పంపుతున్నారు, మరి మా ఏజెన్సీ పిల్లలకి ఎందుకు లేదు?

పాడేరు_టీచర్:

అందరికీ నమస్కారం. పాడేరు వైపు ఒక ఆశ్రమ పాఠశాలలో సైన్స్ చెప్తాను, ఇక్కడికొచ్చి ఏడేళ్ళయింది. వానలు మొదలయ్యాయంటే మాకు భయం మొదలు, ఏదో ఒక గదిలో ఎవరో ఒక పిల్ల దుప్పటి మీద దుప్పటి కప్పుకుని పళ్ళు టకటకలాడిస్తూ వణుకుతూనే ఉంటుంది. ఈ ఏడాది ఆరో తరగతి పాప ఒకమ్మాయికి జులైలో చలిజ్వరం వచ్చి మందులు వేస్తే తగ్గింది, మళ్ళీ సెప్టెంబర్‌లో వచ్చింది, మొన్న మూడోసారి. ప్రతిసారీ రక్తం పరీక్షలో మలేరియానే. పిల్ల బొత్తిగా పాలిపోయింది, మెట్లెక్కితే ఆయాసం. వాళ్ళమ్మ సంతకి వచ్చినప్పుడు స్కూలుకి కూడా వచ్చి "మా పిల్లకే ఎందుకిలా వస్తాంది టీచరమ్మా" అని అడిగితే నాకు నోట మాట రాలేదు.

నా ప్రశ్న ఏంటంటే, మలేరియాకి టీకా వచ్చిందని, ఒకటి పూణే సీరం ఇన్‌స్టిట్యూట్‌లోనే తయారై ఆఫ్రికాకి వెళ్తోందని, ఇంకో టీకా తయారీ మన హైదరాబాద్ భారత్ బయోటెక్ చేతికి వస్తోందని చదివా. మన దేశంలో తయారయ్యే మందు మన కొండల్లో పిల్లలకి ఎందుకు వేయట్లేదు? ఇంకోటి, ఆగస్టు 20న క్లాసులో, దోమలో మలేరియా క్రిమిని కనిపెట్టిన రొనాల్డ్ రాస్ గురించి చెప్తుంటే ఒక పిల్ల లేచి "సికింద్రాబాద్‌లో కనిపెట్టి 100 ఏళ్ళు దాటిపోయింది కదా టీచర్, మరి ఇంకా ఎందుకు పోలేదు" అంది. చాలా మంచి ప్రశ్న. దానికి సరైన జవాబు చెప్పాలి నేను. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి ప్లీజ్.

స్లైడ్_మాస్టారు:

అమ్మా, టీకా సంగతి తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ పాప సంగతి. రిపోర్టు మీద పీవీ అని ఉందా పీఎఫ్ అని ఉందా చూడండి, మలేరియా క్రిమిలో రెండు రకాలవి, పీవీ అంటే వైవాక్స్, పీఎఫ్ అంటే ఫాల్సిపారం. నేను మలేరియా విభాగంలో ల్యాబ్ టెక్నీషియన్‌గా 31 ఏళ్ళు చేసి రిటైరయ్యా, మైక్రోస్కోప్ కింద ఎన్ని స్లైడ్లు చూశానో నాకే లెక్క లేదు. రెండేసి నెలలకి తిరగబెడుతోందంటే నా అనుమానం పీవీ మీదకే పోతోంది. అది ఫాల్సిపారం లాగా ఒక్కసారి వచ్చి తేల్చుకుని పోయే రకం కాదు, దోమ కుట్టగానే లివర్‌లోకి వెళ్ళి కొన్ని క్రిములు అక్కడే నిద్రపోతాయి. మీరు క్లోరోక్విన్ ఇస్తే రక్తంలో ఉన్నవి చస్తాయి, జ్వరం తగ్గుద్ది, అందరూ సంతోషం. లివర్‌లో ఉన్నవాటికి ఆ మందు తగలదు. అవి వారాలకో నెలలకో లేచి మళ్ళీ రక్తంలోకి దిగుతాయి, కొత్త దోమ కుట్టక్కర్లేదు.

వాటిని చంపేది ప్రైమాక్విన్, 14 రోజులు వరసగా మింగాలి. మా భాషలో ఆర్‌టీ అంటాం, రాడికల్ ట్రీట్‌మెంట్, అంటే వేళ్ళతో సహా నయం చేయడం. గొడవంతా ఇక్కడే. మూడోరోజుకి జ్వరం పోద్ది, నాలుగోరోజు నుంచి మాత్రలు చూరులో దోపేస్తారు, ఇంకొకరికి జ్వరం వస్తే వాడొచ్చని. నేను ఎన్ని ఇళ్ళల్లో చూశానో అలా. కాబట్టి ఆ పాప 14 రోజులూ మింగిందా అని తేల్చండి ముందు. ఒక జాగ్రత్త మాత్రం, జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువున్న పిల్లలకి ప్రైమాక్విన్ పడదు, రక్తకణాలు పగిలి మూత్రం కాఫీ రంగులో వస్తుంది. గిరిజనుల్లో ఆ లోపం కాస్త ఎక్కువే కనపడుతుంది. అందుకని మీరే మాత్రలు తెచ్చి వేసేయకండి, పీహెచ్‌సీ డాక్టరుగారికి మూడుసార్లు వచ్చిందని, పాలిపోయిందని రెండూ చెప్పండి, రక్తం ఎంత ఉందో కూడా చూస్తారు. ఒకవేళ పీఎఫ్ అని ఉంటే కథ వేరు, అప్పుడు చాలామటుకు కొత్తగా దోమలు కుట్టి మళ్ళీ మళ్ళీ వచ్చిందని అర్థం, దోమతెరలూ గోడలూ చూసుకోవాలి.

ఇక మీ క్లాసులో పిల్ల అడిగిన ప్రశ్న. ఆ పిల్లకి నా ఆశీస్సులు చెప్పండి. 1897 ఆగస్టులో సికింద్రాబాద్ బేగంపేటలో రాస్ ఒక రోగిని దోమలచేత కుట్టించాడు, అతని పేరు హుస్సేన్ ఖాన్, దోమకి ఒక అణా చొప్పున ఇచ్చారట. ఆగస్టు 20న ఆ దోమ పొట్ట కోసి చూస్తే గోడ మీద నల్ల చుక్కలున్న గుండ్రటి కణాలు కనపడ్డాయి. 1880లోనే లావెరాన్ అల్జీరియాలో మనిషి రక్తంలో ఈ క్రిమిని చూశాడు, కానీ దోమ ఒంట్లో ఆ క్రిమి పెరగడం మొదట కనపడింది మాత్రం మన బేగంపేటలో. రాస్‌కి 1902లో నోబెల్ వచ్చింది. మీ పాఠంలో హుస్సేన్ ఖాన్ పేరు కూడా చెప్పండమ్మా.

కనిపెట్టాం, మరి ఎందుకు పోలేదంటే, ఒకసారి దాదాపు పోయింది! స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా 7.5 కోట్ల మందికి మలేరియా, 8 లక్షల మంది చావు అని అంచనా. 1953లో డీడీటీ అనే దోమల మందుతో జాతీయ కార్యక్రమం మొదలైంది, 1958లో పూర్తిగా నిర్మూలిద్దాం అన్నారు. 1965కల్లా కేసులు లక్షకి దిగిపోయాయి. ఆ తర్వాత చేతులు సడలాయి, దోమలు డీడీటీకి అలవాటు పడ్డాయి, మందు సరఫరా తగ్గింది, 1976కి మళ్ళీ 64 లక్షలు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా సీనియర్లు ఆ 76 గురించి తుఫాను గురించి చెప్పినట్టు చెప్పేవాళ్ళు. శ్రీలంకది ఇంకా ఘోరం, 1963లో దేశం మొత్తం మీద 17 కేసులు, ఆరేళ్ళు తిరిగేసరికి 5 లక్షలు దాటాయి. కానీ వాళ్ళు వదల్లేదు, యుద్ధం జరుగుతున్న రోజుల్లో కూడా పని చేసుకుంటూ పోయి 2016లో మలేరియా లేని దేశంగా డబ్ల్యూహెచ్‌ఓ సర్టిఫికెట్ తెచ్చుకున్నారు.

ఫార్మా_పరిశోధకురాలు:

మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం, నేను టీకా భాగం తీసుకుంటా. హైదరాబాద్‌లో టీకాల రంగంలోనే పనిచేస్తున్నా, పైన చెప్పిన కంపెనీలు రెండూ నావి కాదు.

ఇప్పుడున్న టీకాలు రెండు. ఆర్‌టీఎస్,ఎస్ అనేది ఒకటి, భారత్ బయోటెక్ చేతికి వచ్చేది అదే, దాన్ని డబ్ల్యూహెచ్‌ఓ 2021 అక్టోబర్‌లో ఒప్పుకుంది, ఆర్21 ని 2023 అక్టోబర్‌లో. ఈ రెండోది ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు తయారుచేసింది, సీరం వాళ్ళు పెద్ద ఎత్తున ఉత్పత్తి చేస్తున్నారు, డోసు 2 నుంచి 4 డాలర్లు. రెండూ పనిచేసే పద్ధతి ఒకటే, దోమ కుట్టినప్పుడు లోపలికొచ్చే క్రిమి రూపాన్ని స్పోరోజాయిట్ అంటారు, దాని ఒంటి మీద ఒక ప్రోటీన్ ఉంటుంది, దాన్ని గుర్తుపట్టేలా ఒంటికి శిక్షణ ఇస్తాయి. అది లివర్‌కి చేరేలోపు పట్టుకోవాలి, ఆ టైం చాలా తక్కువ, అందుకే యాంటీబాడీలు చాలా ఎక్కువ మోతాదులో ఉండాలి, అవి నెలల్లో తగ్గిపోతుంటాయి, అందుకే నాలుగో డోసు. వైరస్ టీకాలు ఇంత తొందరగా వస్తున్నాయి దీనికేంటి దశాబ్దాలు అంటే, ఇది వైరస్ కాదు, 5 వేలకి పైగా జన్యువులున్న జీవి, మన ఒంట్లో దశకో వేషం మారుస్తుంది.

ఇక మీ ప్రశ్నకి సూటిగా మూడు మాటలు. ఒకటి, రెండు టీకాలూ ఫాల్సిపారం మీదే పనిచేస్తాయి, ఆ ప్రోటీన్ వైవాక్స్‌ది వేరు. మీ పాపది నిజంగా వైవాక్స్ అయితే ఆ టీకా వేసినా ఈ మూడు జ్వరాలూ వచ్చేవే. రెండు, అవి చంటిపిల్లలకి, 5 నెలల వయసు నుంచి మొదలుపెట్టేవి, ఎందుకంటే ఆఫ్రికాలో చచ్చిపోయేది ఆ వయసువాళ్ళు. 2023లో ప్రపంచం మొత్తం మీద మలేరియాతో 5 లక్షల 97 వేల మంది పోయారు, 95 శాతం ఆఫ్రికాలోనే, అక్కడ పోయిన ప్రతి నలుగురిలో ముగ్గురు 5 ఏళ్ళలోపు పసివాళ్ళు. ఈ అంకె రాసేటప్పుడు నాకు ప్రతిసారీ చెయ్యి ఆగుతుంది. మూడు, మన దగ్గర వ్యాప్తి చాలా తగ్గింది, 2015లో దేశంలో 11.7 లక్షల కేసులు నమోదైతే 2023లో 2.27 లక్షలు. ప్రభుత్వ లెక్కకి ఎక్కనివి ఇంకా ఉంటాయి, అయినా తగ్గుదల నిజమే, 2024లో డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళ భారం ఎక్కువున్న దేశాల గుంపు నుంచి ఇండియా బయటికొచ్చింది. ఇంత పలచగా ఉన్నచోట లక్షల మంది పిల్లలకి నాలుగేసి డోసులు వేయడం కన్నా ఉన్న ప్రతి కేసునీ వెతికి పట్టుకుని పూర్తిగా నయం చేయడమే ఎక్కువ పనిచేస్తుంది. మీ పిల్లల్ని మర్చిపోయి బయటికి పంపుతున్నారని అనుకోకండి టీచర్ గారూ, అక్కడ పిల్లలకి అవసరం చాలా చాలా ఎక్కువ.

వైవాక్స్‌కి కూడా ఒక మంచి కబురు ఉంది, టాఫెనోక్విన్ అని ఒకే ఒక్క డోసు మందు, 14 రోజుల బెడద ఉండదు, 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. కానీ అది ఒంట్లో చాలా రోజులు ఉంటుంది కాబట్టి ముందు జీ6పీడీ పరీక్ష ఖచ్చితంగా చేయాలి, ఆ పరీక్ష మారుమూల ఊళ్ళదాకా చేరితేగానీ ఇది చేరదు.

కొండగాలి:

టీచర్ గారూ మాదీ ఏజెన్సీయే, చింతపల్లి వైపు. నాదో చిన్న డౌట్. చైనాలో ఏదో మొక్క నుంచే కదా మలేరియా మందు తీసింది, ఆర్టిమీసియా అంటారు, ఆ మొక్క పెరట్లో పెంచుకుని టీ కాచి తాగితే సరిపోదా? యూట్యూబ్‌లో ఒకాయన తెగ చెప్తున్నాడు, మా ఊళ్ళో ఒకరిద్దరు విత్తనాలు కూడా తెప్పించారు.

ఫార్మా_పరిశోధకురాలు:

దయచేసి వద్దు తమ్ముడూ. ఆ మందు పుట్టిన కథలోనే నీ జవాబు ఉంది. చైనాలో 1967 మే 23న రహస్యంగా ఒక ప్రాజెక్టు మొదలుపెట్టారు, వియత్నాం యుద్ధంలో సైనికులు మలేరియాతో పడిపోతున్నారని. తూ యూయూ అనే శాస్త్రవేత్త పాత వైద్య గ్రంథాలు తిరగేస్తూ ఈ మొక్క దగ్గర ఆగారు, కానీ కాచి తీసిన కషాయం సరిగా పనిచేయట్లేదు, ఒకసారి చేస్తే ఒకసారి చేయట్లేదు. అప్పుడు 1600 ఏళ్ళ నాటి పుస్తకంలో ఒక వాక్యం కనపడింది, గుప్పెడు ఆకు నీళ్ళలో నానబెట్టి పిండి ఆ రసం తాగమని. కాచమని లేదు! వేడికే మందు పాడవుతోందేమో అని ఆవిడ తక్కువ వేడిలో ఈథర్ అనే ద్రవంతో తీసి చూస్తే 1971లో 191వ నమూనా దగ్గర ఎలుకల్లో క్రిములు పూర్తిగా పోయాయి. మనుషులకి ఇచ్చేముందు ముందుగా తనే మింగారు. 2015లో నోబెల్ వచ్చింది.

సరే, కాచకుండా తాగుదాం అంటావేమో, అప్పుడూ అదే గొడవ. ఏ ఆకులో ఎంత మందు ఉందో తెలీదు, చాలీచాలనంత వెళ్తుంది, క్రిములు చావకుండా అలవాటు పడిపోతాయి, జ్వరం కాస్త తగ్గినట్టుండి ఫాల్సిపారం అయితే మెదడుకెక్కొచ్చు. అందుకే ఈ మొక్క నుంచి తీసిన మందు, ఆర్టిమిసినిన్, మాత్రలుగా ఇచ్చేటప్పుడు ఒంటరిగా ఇవ్వరు, ఇంకో మందుతో జోడించే ఇస్తారు, ఏసీటీ అనేది అదే. కాంబోడియా పడమటి జిల్లాల్లో 2008 ప్రాంతంలోనే ఈ మందుకి క్రిములు లొంగడం నెమ్మదించింది, ఇప్పుడు రువాండాలో, ఉగాండాలో, ఎరిత్రియాలో కూడా అదే లక్షణం. మన చేతిలో ఉన్న మంచి మందు ఇది, దీన్ని పోగొట్టుకోకూడదు.

కంపాలా_ఖమ్మం:

మేడమ్ ఉగాండా పేరెత్తారు కాబట్టి నేనూ రాస్త. మాది ఖమ్మం జిల్లా, ఇక్కడ కంపాలాలో బోర్లు వేసే కంపెనీలో చేస్తున్న, పని మొత్తం ఉత్తరం వైపు ఊళ్ళల్లో ఉంటది. నాకు మూడుసార్లు వచ్చింది మలేరియా, మూడు రోజుల గోళీలు మింగి లేచి తిరిగిన. చిన్నపిల్లలది వేరే లెక్క. మా సైటు పక్క ఊళ్ళె ఒకామె రోజూ మాకు అన్నం వండి పెట్టేది, రెండేళ్ళ బాబు ఆమెకు, సోమవారం ఆడుకుంటుండె, మంగళవారం రాత్రి ఫిట్స్ వచ్చినయ్, మా బండిలనే ఆసుపత్రికి తీస్కపోయినం కానీ దారిలోనే పోయిండు. నా ఒళ్ళో ఉండె బాబు. అప్పటిదాక మలేరియా అంటే నాకు ఒక జ్వరం, అంతే.

2025 ఏప్రిల్‌ల ఇక్కడ ఆర్21 టీకా మొదలుపెట్టిన్రు, 105 జిల్లాలల్ల. టీకా రోజు తల్లులు పొద్దున్నే వచ్చి చెట్టు కింద లైన్ల కూసున్నరు, పిల్లల్ని వీపుకి కట్టుకొని. ఆ డబ్బా మీద పూణే అని చూసి మా సైటుల ఉన్న ఇండియా వాళ్ళం అందరం ఒకసారి ముట్టుకున్నం. టీచర్ మేడమ్, మీ కోపం నాకు అర్థమైతది, కానీ ఆ లైన్ చూసినంక నాకు ఆ కోపం లేదు.

టీకా ఒక్కటే కాదు ఇక్కడ జరిగేది. కొత్త రకం దోమతెరలు వస్తున్నయ్, పాత తెరల మందుకి దోమలు చావట్లేదని రెండు మందులు కలిపి చేస్తున్నరు. ఇంకోవైపు డబ్బులది పెద్ద కష్టం అయింది, 2025 జనవరిల అమెరికా సాయం ఆపంగనే తెరలు, కిట్లు, ఊరి కార్యకర్తల జీతాలు అన్నీ ఆగమైనయ్.

ఫార్మా_పరిశోధకురాలు:

అన్నా, ఆ బాబు గురించి చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

ఆ తెరల గురించి ఒక్క మాట, అందులో రెండో మందు క్లోర్‌ఫెనాపిర్. పాత తెరల మందు పైరెత్రాయిడ్ దోమ నరాల మీద పనిచేస్తుంది, దానికి దోమలు అలవాటు పడ్డాయి, ఇది నరాల జోలికి పోకుండా దోమ కణాల్లో శక్తి పుట్టకుండా చేస్తుంది. టాంజానియాలో రెండేళ్ళు పోల్చి చూస్తే మామూలు మందు తెరల కన్నా పిల్లల్లో కేసులు దాదాపు సగానికి తగ్గాయి. 2023లో డబ్ల్యూహెచ్‌ఓ సిఫార్సు చేసింది. టీకా వార్త అయినంతగా దోమతెర వార్త అవ్వదు, కానీ 2000 నుంచి 2015 దాకా ఆఫ్రికాలో తప్పిన కేసుల్లో మూడింట రెండు వంతులు తెరల వల్లే అని తేలింది.

పట్నాల్లో ఉన్నవాళ్ళు కూడా ఒకటి తెలుసుకోవాలి. అనాఫిలిస్ స్టెఫెన్సై అని మన పట్నాల దోమ, మేడ మీద మూత లేని ట్యాంకుల్లో, కట్టే ఇళ్ళ దగ్గర నీళ్ళ తొట్లలో పెరుగుతుంది. అది 2012లో ఆఫ్రికాలోని జిబూటీ దేశంలో కనపడింది. ఆ ఏడాది అక్కడ 27 కేసులు, 2020కి 73 వేలు. ఆఫ్రికాలో మలేరియా అంటే పల్లెల జబ్బు, ఇప్పుడు ఈ దోమ వల్ల పట్నాలకి ఎక్కుతోంది. దీన్ని ఎలా అదుపు చేయాలో మనకి పాత అనుభవం ఉంది, ట్యాంకులకి మూతలు, దోమ పిల్లల్ని తినే గంబూసియా చేపలు, వారానికోసారి తొట్లు ఆరబెట్టడం.

పాడేరు_టీచర్:

నాలుగు రోజులుగా రాయలేకపోయా, క్షమించండి. మాస్టారూ, మీరు చెప్పినట్టే ఉంది. మూడు రిపోర్టులూ వెతికి తీశాం, మూడింటి మీదా పీవీ. మాత్రలు 14 రోజులకీ ఇచ్చారు, కానీ జులైలో మూడోరోజుకి జ్వరం తగ్గింది, సెలవు మీద ఇంటికి పంపేశాం, మాత్రలు సంచిలోనే ఉండిపోయాయి. సెప్టెంబర్‌లోనూ నాలుగు రోజులే మింగిందట, కడుపులో తిప్పుతోందని మానేసింది. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, ఆ మాట రాయడం నాకు కష్టంగా ఉంది కానీ నిజం.

నిన్న డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళా. రక్తం 7.8 ఉంది. జీ6పీడీ పరీక్షకి శాంపిల్ పంపారు, అది సరిగ్గా ఉంటే ప్రైమాక్విన్ మొదలుపెడతామన్నారు, ఈలోపు ఐరన్ మాత్రలు. ఈసారి ఇంటికి పంపం, 14 రోజులూ అన్నం తిన్నాక నా ఎదురుగానే మింగిస్తా, వార్డెన్ గారు గోడ మీద క్యాలెండర్ అతికించారు, రోజుకో టిక్కు. మూత్రం రంగు చూసి చెప్పమని పాపకి కూడా చెప్పా.

మాస్టారూ ఇంకొక్కటి, డార్మిటరీ గోడలకి మొన్న మందు కొట్టి వెళ్ళారు, దసరాకి సున్నం వేయిద్దామని హెచ్‌ఎం గారు అంటున్నారు. వేయించొచ్చా?

స్లైడ్_మాస్టారు:

వద్దమ్మా, అస్సలు వద్దు! దోమ రాత్రి కుట్టి కడుపు నిండా తాగాక ఎగరలేక గోడ మీద వాలుతుంది, అప్పుడే ఆ మందు పనిచేసేది. సున్నం వేసినా పేడతో అలికినా మందు కిందకెళ్ళిపోద్ది, మా వాళ్ళు కొట్టిన కష్టం అంతా పోయినట్టే. మేం పండగల ముందు కొట్టడానికి ఇంటింటికీ తిరిగి ఎంత బతిమాలేవాళ్ళమో. రెండున్నర మూడు నెలలు ఆగమని హెచ్‌ఎం గారికి చెప్పండి, సంక్రాంతికి వేయించుకోండి.

పాపకి మందు పూర్తయ్యాక ఒక రక్తం స్లైడ్ తీయించండి, తర్వాత జ్వరం ఉన్నా లేకపోయినా కొన్ని నెలలు నెలకోసారి తీయిస్తూ ఉండండి. ఆ గదిలో మిగతా పిల్లలందరికీ కూడా ఒకసారి పరీక్ష చేయించండి, ఆశా కార్యకర్త దగ్గర కిట్లు ఉంటాయి. ఆ పిల్లని కుట్టిన దోమ పక్క మంచం మీద పిల్లని కూడా కుట్టే ఉంటుంది.

పాడేరు_టీచర్:

రేపు పొద్దున్నే ఆశా గారిని రమ్మన్నా మాస్టారూ. ఆ గదిలో 38 మంది ఉన్నారు.